విజయనగరం కోట: దుర్గం నుంచి నగరుకు, నగరు నుంచి కళాశాలకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పూసపాటి వంశీయులు 18వ శతాబ్ది తొలిపాదంలో నిర్మించిన విజయనగరం కోట అగడ్త, ప్రాకారం, నాలుగు బురుజులు గల స్థలదుర్గం. నిర్మాణం జరిగిన తొమ్మిది దశాబ్దాలలోపే దాని సైనిక ప్రయోజనం ముగిసింది. తరువాత అది సంస్థానాధీశుల నివాసంగా, ఆపైన విద్యాసంస్థల ఆవరణగా రూపం మార్చుకుంది. ఈ మార్పుల క్రమాన్ని పరిశీలించడం, కోట శంకుస్థాపనను గురించి ప్రచారంలో ఉన్న ‘అయిదు విజయాల’ ఐతిహ్యాన్ని పంచాంగ గణనతో సరిచూడడం, జర్మనీలోని నీటికోటల పరిణామంతో దీన్ని పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విజయనగరం కోట, అగడ్త, పూసపాటి వంశం, బొబ్బిలి, పద్మనాభ యుద్ధం, శాశ్వత పైసలా, సంస్థానం, స్థలచరిత్ర.

1. ప్రవేశిక:

ఉత్తరాంధ్రలో ‘కోట’ అనే మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, జనవ్యవహారంలోని అర్థం మరొకటి. బురుజు లేకపోయినా, అగడ్త లేకపోయినా జమీందారు నివసించిన మేడను ఇక్కడివారు కోట అనే అంటారు. కృష్ణా తీరంలో ఇటువంటి నివాసానికి ‘దివాణం’ అనే పేరు ఎక్కువ వాడుకలో ఉంది. తెలంగాణలో ‘గడి’ అంటారు. ‘నగరు’ అనే మాట పాత కావ్యాల నుంచి సంస్థానాల వ్యవహారం దాకా రాచనివాసమనే అర్థంలో వాడుకైనదే. దివాణం అన్నప్పుడు కచేరీ, లెక్కలు, పన్నులు గుర్తుకొస్తాయి. నగరు అన్నప్పుడు అంతఃపురం, ఆస్థానం స్ఫురిస్తాయి. కోట అన్నప్పుడు యుద్ధం స్ఫురించాలి. కాని ఉత్తరాంధ్ర వాడుకలో ఆ స్ఫురణ వెనక్కి తగ్గి, నివాసమనే అర్థమే ముందుకు వచ్చింది. ఈ అర్థవ్యాప్తి ఎలా జరిగిందో తెలుసుకోవడానికి విజయనగరం కోట చరిత్ర చక్కటి ఆధారం.

మరొక ప్రశ్న కూడా ఈ పరిశీలనకు కారణమైంది. విజయనగరానికి ఉత్తరంగా ఉన్న బొబ్బిలి కోట 1757లో నేలమట్టమైంది. దానికి కథ ఉంది, కావ్యం ఉంది, నాటకాలున్నాయి, చలనచిత్రం ఉంది. దాన్ని పడగొట్టించిన పక్షానికి చెందిన విజయనగరం కోట నేటికీ నిలిచి ఉంది. బొబ్బిలి కథతో సమానంగా జనం నోట నిలిచిన కథ మాత్రం దానికి లేదు. తెలుగు సాహిత్య విద్యార్థులు బొబ్బిలిని వీరగాథగా చదువుతారు. విజయనగరాన్ని గురజాడ, ఆదిభట్ల నారాయణదాసుల ఊరుగా చదువుతారు. విశాఖపట్టణంలో పాఠం చెప్పే నాకు ఈ తేడా తరగతి గదిలోనే మొదట ఎదురైంది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఆ పట్టణం విశాఖపట్టణం జిల్లాలోని భాగమే. అయినా ఓడరేవు, ఉక్కు కర్మాగారాల మధ్య పెరిగిన విద్యార్థికి దాదాపు అరవై కిలోమీటర్ల దూరంలోని ఈ కోట ఒక పండగరోజు గుర్తుగానే మిగిలింది.

2. స్థలం, ప్రాకారం, అగడ్త:

అర్థశాస్త్రం దుర్గాలను ఔదకం, పార్వతం, ధాన్వనం, వనదుర్గం అని నాలుగు విధాలుగా విభజించింది. రాజధానీ నగరం చుట్టూ ఒక్కొక్క దండం ఎడంతో మూడు పరిఖలు తవ్వాలని, వాటి వెడల్పు పద్నాలుగు, పన్నెండు, పది దండాలు ఉండాలని రెండవ అధికరణంలో విధించింది. ఈ కొలతలన్నీ యథాతథంగా పాటించిన కోట ఎక్కడైనా ఉందా అన్నది వేరే విషయం. మన నేలమీద పరిఖను ప్రధాన రక్షణగా చేసుకున్న కోటలకు కాకతీయుల ఓరుగల్లు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఉత్తరాంధ్రలోని పాలెగాండ్ల కోటలు చాలావరకు వనదుర్గాల కోవలోకి వస్తాయి. మట్టిగోడ, దాని చుట్టూ దట్టమైన అడవి, ఆ అడవిలో ఇరుకైన దారి: ఇదీ వాటి బలం. రాబర్ట్ ఓర్మ్ రాసిన యుద్ధచరిత్రలో కనిపించే బొబ్బిలి ఇటువంటిదే.

విజయనగరం కోట ఈ సంప్రదాయం నుంచి వేరుపడింది. ఇది మైదానంలో కట్టిన చతురస్రాకారపు రాతికోట. ప్రాకారం ఎత్తు సుమారు 10 మీటర్లు. నాలుగు మూలలా నాలుగు బురుజులున్నాయి. తూర్పున ఒకటి, పడమట ఒకటి రెండు ద్వారాలున్నాయి. వీటిలో ప్రధాన ద్వారానికి నగార్‌ఖానా అని పేరు. రాజస్థానీ పోకడలు గల ఈ ద్వారం మీద నగారా మోగేదని ఆ పేరే చెబుతోంది. చుట్టూ లోతైన అగడ్త ఉండేదని వర్ణనలన్నీ పేర్కొంటాయి.

కొలతలను గురించి ఒక మాట చెప్పాలి. కోట భుజం 240 మీటర్లు అని ఒకచోట, విస్తీర్ణం 26 ఎకరాలు అని మరొకచోట కనిపిస్తుంది. 240 మీటర్ల భుజం గల చతురస్రం సుమారు 14 ఎకరాలే అవుతుంది. మొదటి కొలత లోపలి ఆవరణకు, రెండవది ప్రాకారపు మందం, అగడ్త, దాని కట్టలతో కలిపి మొత్తం స్థలానికి చెందినవని అనుకుంటే రెండూ పొసగుతాయి. ప్రాకారం పైభాగపు వెడల్పే 8 నుంచి 16 మీటర్ల దాకా ఉంటుంది. ఇది నా ఊహ. సర్వే పటంతో దీన్ని నిర్ధారించవలసి ఉంది. ఊహ సరైనదైతే కోట ఆక్రమించిన నేలలో దాదాపు సగం రక్షణ కోసమే ఖర్చయిందన్నమాట. నివాసానికి మిగిలింది తక్కినదే. తరువాతి కాలంలో మహళ్ళు, తోటలు, స్నానశాల ఆ లోపలి భాగంలోనే ఇమడవలసి వచ్చింది.

3. అయిదు విజయాలు:

కోట పుట్టుకను గురించిన ఐతిహ్యం అందరికీ తెలిసినదే. అడవిగా ఉన్న ఈ స్థలంలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ముస్లిం సాధువు ఇది శుభస్థలమని రాజుకు చెప్పాడట. 1713లో శంకుస్థాపన జరిగింది. అందులో అయిదు విజయాలు కలిసివచ్చాయి. కట్టించిన రాజు విజయరామరాజు, ఊరి పేరు విజయనగరం, సంవత్సరం విజయ, తిథి విజయదశమి, వారం జయవారం, అంటే మంగళవారం. పర్యాటక పుస్తకాల నుంచి పోటీ పరీక్షల ప్రశ్నపత్రాల దాకా ఈ అయిదూ చరిత్రగానే చలామణీ అవుతున్నాయి.

నిర్మాత ఎవరన్న విషయంలోనే ఆధారాలు ఒకటిగా లేవు. స్థలచరిత్రలు మొదటి విజయరామరాజు పేరు చెప్పి, ఆయనకే ఆనందరాజు అనే నామాంతరం ఉందంటాయి. ఇంపీరియల్ గెజిటీరు మాత్రం 1710 ప్రాంతంలో అధికారానికి వచ్చిన పెదవిజయరామరాజు తన నివాసాన్ని పొట్నూరు నుంచి ఇక్కడికి మార్చి, ఊరికి తన పేరు పెట్టి, కొన్నేళ్ళు కోట కట్టడంలో గడిపాడని రాసింది. ఎలా చూసినా రాజు పేరు, ఊరి పేరు అనే రెండు విజయాలు నిజానికి ఒకే విజయం. రాజు పేరే ఊరికి పెట్టారు. పొట్నూరు అంటే కృష్ణదేవరాయలు కళింగ విజయానికి గుర్తుగా జయస్తంభం నాటిన పొట్టునూరే కావడం ఇక్కడ గమనించదగిన సంగతి. జయస్తంభం ఉన్న ఊరి నుంచి వచ్చినవారికి కొత్త రాజధాని పేరులోనూ ఆ మాట ఉండాలనిపించడం సహజం.

సంవత్సరం సరిపోతుంది. 2013–14 విజయ నామ సంవత్సరం. అక్కడి నుంచి అరవైయేళ్ళ ఆవృత్తాలు అయిదు వెనక్కి వెళితే 1713–14 వస్తుంది. శాలివాహన శకం 1635. ఇంతవరకు ఐతిహ్యానికి, పంచాంగానికి వైరుధ్యం లేదు.

వారం దగ్గరే చిక్కు వచ్చింది. 1713లో ఆశ్వయుజానికి ముందు వచ్చిన అమావాస్య, చాంద్రమాన గణన ప్రకారం నేటి కాలెండరులో సెప్టెంబర్ 19–20 తేదీల నడుమ పడుతుంది. తులా సంక్రమణం అక్టోబర్ నడుమ వచ్చింది కనుక ఈ మాసం నిజ ఆశ్వయుజమే. అధికమాసపు చిక్కు లేదు. దశమి సెప్టెంబర్ 29న వస్తుంది. అది శుక్రవారం. గణనలోని స్థూలతకు, తిథి పట్టింపులకు ఒకరోజు అటూఇటూ వదిలిపెట్టినా గురువారమో శనివారమో అవుతుంది. మంగళవారం మాత్రం కాదు. ఆనాటి ఆంగ్లేయుల కాలెండరు పదకొండు రోజులు వెనుకబడి ఉండేది గనుక వారి లెక్కలో ఈ తేదీ సెప్టెంబర్ 18. తేదీ మారినా వారం మారదు.

అయితే ఈ మంగళవారం ఎక్కడి నుంచి వచ్చింది? విజయనగరంలో విజయదశమి తరువాత వచ్చే మంగళవారానికి మరొక ప్రసిద్ధి ఉంది. అది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే రోజు. పైడితల్లి పెదవిజయరామరాజు చెల్లెలనీ, బొబ్బిలి యుద్ధంలో అన్నకు కీడు జరుగుతుందని భయపడి, ఆయన మరణవార్తతో ప్రాణం విడిచిందనీ, ఆమె విగ్రహం పెదచెరువులో దొరికిందనీ జనం నమ్మకం. ఆనాడు పూజారిని మోస్తూ సిరిమాను గుడి నుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశీయులు కోట బురుజు మీద కూర్చుని ఆ సంబరాన్ని తిలకిస్తారు. విజయదశమి, మంగళవారం, కోట: ఈ మూడూ ఏటేటా ఈ పండగలో కలుస్తాయి. 1757 తరువాత స్థిరపడిన ఈ పండగ వారం, కోట పుట్టిన వారంగా ఐతిహ్యంలోకి చేరి ఉంటుందని నేను భావిస్తున్నాను. జనశ్రుతి అబద్ధమాడిందని దీని అర్థం కాదు. రెండు వేర్వేరు జ్ఞాపకాలను అది ఒకే రోజుకు కట్టింది. ఒకటి కోట కట్టించిన విజయోత్సాహం. మరొకటి కోట యజమాని బొబ్బిలి నుంచి ప్రాణాలతో తిరిగిరాని దుఃఖం. పండితులు రాసిన వంశచరిత్రలో ఈ రెండవదానికి అంత చోటు దొరకలేదు.

4. కోట బయట జరిగిన యుద్ధాలు:

ఇంత శ్రమతో కట్టిన అగడ్త, బురుజులు ఏ యుద్ధంలో ఉపయోగపడ్డాయి? పూసపాటివారి చరిత్రలోని ముఖ్యమైన పోరాటాలన్నీ ఈ గోడలకు దూరంగానే జరిగాయి.

1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి పరమయ్యాయి. శ్రీకాకుళం ఫౌజుదారు జాఫరలీఖాను దాన్ని ప్రతిఘటించినప్పుడు పెదవిజయరామరాజు మొదట అతని పక్షాన ఉండి, తరువాత బుస్సీతో చేతులు కలిపాడు. శ్రీకాకుళం, రాజమండ్రి సర్కారుల ఇజారా ఆయనకు దక్కింది. ఆ బలంతోనే 1757 జనవరి 24న బొబ్బిలి ముట్టడి జరిగింది. కోట లోపలి స్త్రీలు, పిల్లలు మంటలకు, కత్తులకు బలైన ఆ ఘట్టాన్ని ఇక్కడ మళ్ళీ వర్ణించనవసరం లేదు. మూడవ రాత్రి తాండ్ర పాపారాయుడు శిబిరంలోకి చొరబడి పెదవిజయరామరాజును చంపాడు. గెజిటీరు మాట నమ్మితే కొన్నేళ్ళపాటు రాతిగోడలు లేపించిన మనిషి చివరికి గుడ్డ గుడారంలో చనిపోయాడు.

ఆయన తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారి మీద తిరగబడి 1758లో విశాఖపట్టణాన్ని పట్టుకుని ఆంగ్లేయులకు అప్పగించాడు. ఆయన పిలుపు మీదనే క్లైవు బెంగాలు నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. ఆ ఏడాది డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణం కోట స్వాధీనం జరిగాయి. విశాఖ రేవులోని కంపెనీ వర్తకస్థావరం ఒక రాజ్యశక్తిగా మారడంలో విజయనగరం చేసిన ఈ సాయానికి పెద్ద పాత్ర ఉంది. దాని ఫలితాన్ని విజయనగరమే మూడున్నర దశాబ్దాల తరువాత అనుభవించింది.

చినవిజయరామరాజు కాలంలో పేష్కషు బకాయిలు పెరిగాయి. అన్న సీతారామరాజు పెత్తనం, మద్రాసు అధికారుల లాలూచీలు, కంపెనీ ఒత్తిడి అన్నీ కలిశాయి. 1793లో కంపెనీ సేనలు కోటను స్వాధీనం చేసుకున్నాయి. ఎనభై యేళ్ళ నాటి అగడ్త ఆ ప్రవేశాన్ని ఆపలేదు. నెలకు 1,200 రూపాయల భృతి మీద మచిలీపట్టణం వెళ్ళి ఉండాలని రాజుకు ఆజ్ఞ వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. విజయనగరానికి, భీమునిపట్టణానికి నడుమనున్న పద్మనాభం చేరి, 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనతో పోరాడి మరణించాడు. బంధువులైన క్షత్రియులు చాలామంది ఆయనతో పాటే నేలకొరిగారు.

పద్మనాభం కొండ మీద అనంతపద్మనాభస్వామి ఆలయముంది. దాని దిగువన జరిగిన ఆ పోరాటాన్ని ఆనాటి కంపెనీ కాగితాలు తిరుగుబాటు అణచివేతగా చూశాయి. స్థానికులు దాన్ని ఒక రాజు మాట తప్పని మరణంగా గుర్తుపెట్టుకున్నారు. సైనిక దృష్టితో ఆలోచిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రాజు పోరాడదలచిన నాటికి కోట ఆయన చేతిలో లేదు. కోట ఉన్నా ఫిరంగుల ముందు పదిమీటర్ల గోడ ఎన్నాళ్ళు నిలిచేదన్నది సందేహమే. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్రము’ రాయడానికి బొబ్బిలిలో కూలిన గోడలు ప్రేరణనిచ్చాయి. విజయనగరంలో గోడలు కూలలేదు. గోడల లోపల ఎవరూ చనిపోలేదు. వీరగాథకు కావలసిన ముడిసరుకు ఇక్కడ కోటలో కాక పద్మనాభం పొలాల్లో ఉంది. ఆ కారణంగా విజయనగరం కోట జనం నోటి కథలోకి ఎక్కలేదని నా అభిప్రాయం. బొబ్బిలివారు 1891లో యుద్ధస్థలంలో స్మారకస్తంభం నిలిపారు. కూలిన కోటకు గుర్తు నిలపాలి. నిలిచిన కోటకు ఆ అవసరం రాలేదు.

5. ఆయుధం పోయిన తరువాత:

చినవిజయరామరాజు కుమారుడు నారాయణ గజపతితో కంపెనీ రాజీ చేసుకుంది. 1802 శాశ్వత పైసలాలో 24 పరగణాలు, 1,157 గ్రామాలు గల జమీందారీని, అయిదు లక్షల రూపాయల పేష్కషు మీద ఆయనకు ఖాయం చేసింది. కొండప్రాంతపు చిన్న జమీందారుల మీద ఆధిపత్యం పోయింది. సైన్యం పోయింది. పోలీసు అధికారం, ఉప్పు, సాయరు పన్నుల హక్కు పోయాయి. భూమిశిస్తు వసూలు చేసే హక్కు మిగిలింది. కోట గోడలు, అగడ్త, బురుజులు యథాతథంగానే ఉన్నాయి. వాటి మీద కాపలా కాయడానికి చట్టప్రకారం యుద్ధమే లేదు.

జర్మనీలో మూడు శతాబ్దాల ముందే ఇటువంటి పరిణామం జరిగింది. అందుకే ఇక్కడ కొంత పోల్చి చూడవలసి ఉంది. ఆ దేశపు వాయవ్య భాగంలోని మ్యున్‌స్టర్‌లాండ్ చదునైన నేల. కొండలు లేనిచోట కోటకు నీరే రక్షణ. అటువంటి నీటికోటలను జర్మన్ భాషలో ‘వాసర్‌బుర్గ్’ అంటారు. లూడింగ్‌హౌజన్ పట్టణం దగ్గరి ఫిషెరింగ్ కోట 1271లో మ్యున్‌స్టర్ బిషప్పు తన ప్రత్యర్థులను అదుపులో ఉంచడానికి కట్టించినది. 1495లో వర్మ్స్ నగరంలో జరిగిన సామ్రాజ్యసభ ప్రభువుల మధ్య స్వంత యుద్ధాలను శాశ్వతంగా నిషేధించింది. అప్పటికే ఫిరంగులు గోడల విలువను తగ్గించాయి. 1521లో ఫిషెరింగ్ కాలిపోయింది. పునర్నిర్మాణంలో నీరు అలాగే ఉంది గాని, గోడలకు వెలుతురు కోసం విశాలమైన కిటికీలు వచ్చాయి. యుద్ధకోట దొరగారి ఇల్లుగా మారింది. ఈ తరహా నివాసాన్ని అక్కడివారు ‘హెరెన్‌హౌస్’ అంటారు. ఆ మాటకు మన ‘దొరగారి మేడ’ సరిగ్గా సరిపోతుంది.

రెండుచోట్లా క్రమం ఒకటే. ముందు చట్టం ప్రభువు చేతిలోని కత్తిని తీసుకుంది. తరువాత ప్రభువు గోడ లోపలి ఖాళీని అందంగా మార్చుకున్నాడు. అగడ్తను వెంటనే పూడ్చకపోవడమే ఆసక్తికరమైన విషయం. శత్రువును ఆపవలసిన పని తప్పిన తరువాత కూడా అది ఇంటికీ ఊరికీ మధ్య దూరాన్ని కాపాడింది. లోపలికి వెళ్ళాలంటే ద్వారం దగ్గర ఆగాలి, పేరు చెప్పాలి, అనుమతి పొందాలి. సైనిక రక్షణ మర్యాదగా మారింది. తెలంగాణ గడీలలో బురుజు చేసిన పని కూడా ఇదే. గడి బురుజు మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. ఊరికి గడి లోపల కనిపించదు. ఈ చూపులోని అసమానతను సమర్థించడం నా ఉద్దేశం కాదు. వాస్తుశిల్పాన్ని మెచ్చుకునేటప్పుడు దాన్ని మరచిపోతుంటాం కనుక ప్రస్తావించాను.

తేడా కూడా చెప్పాలి. ఫిషెరింగ్‌లో ఆ మార్పు తరాల తరబడి నెమ్మదిగా జరిగింది. విజయనగరంలో ఒకే మనిషి జ్ఞాపకంలో జరిగిపోయింది. తండ్రి పద్మనాభంలో చనిపోయినప్పుడు నారాయణ గజపతి బాలుడు. అతడే అప్పులపాలై సంస్థానాన్ని కంపెనీ యాజమాన్యానికి వదిలి కాశీ చేరాడు. 1845లో అక్కడే మరణించాడు. ఆ దశలో కోటలో వైభవం గాని, కట్టడాలు గాని లేవు.

ఆయన కుమారుడు మూడవ విజయరామ గజపతి కాలంలో కోట నిజంగా నగరుగా మారింది. 1869లో ఆయన కోట లోపల మోతీమహలు కట్టించాడు. అది కొలువు మందిరం. పేరులోనే ఉత్తరాది దర్బారుల పోకడ ఉంది. ఫూల్‌బాగు అనే నివాసం పక్కన ఔద్‌ఖానా అనే రాతి స్నానశాల ఉంది. అష్టకోణాకారంలో ఉన్న ఈ కట్టడం ఎత్తు సుమారు 50 అడుగులు. మెలికలు తిరిగిన మెట్లు పైనున్న నీటితొట్టి దాకా వెళతాయి. పక్క బావి నుంచి నీటిని పైకి తోడి, అక్కడి నుంచి రాజుగారి స్నానానికి దించేవారు. నాకు ఈ చిన్న కట్టడమే కోటలోని అన్ని భవనాల కంటే ఎక్కువ విషయం చెబుతున్నట్టు తోస్తుంది. 1713లో నీటిని కోట చుట్టూ నిలిపింది శత్రువు కోసం. 19వ శతాబ్దిలో అదే కోటలో నీటిని 50 అడుగుల ఎత్తుకు చేర్చింది స్నానం కోసం.

నగరుతో పాటు ఆస్థానం రూపమూ మారింది. 1857లో పాఠశాల పెట్టారు. అది 1879లో కళాశాల అయింది. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఆ పాఠశాలలో చదివిన సహాధ్యాయులు. ఆనందగజపతి ఏలుబడిలో గురజాడ కళాశాల అధ్యాపకుడిగా, సంస్థాన శాసన పరిశోధకుడిగా పనిచేశారు. ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో ఆనందగజపతికి అంకితంగా అచ్చయింది. ఆ ఏడాదే ఆయన మరణించారు. నాటకంలోని మొదటి రంగం కోట సమీపంలోని బొంకులదిబ్బ మీద మొదలవుతుందన్నది తెలుగువారందరికీ తెలుసు. గిరీశం కోట లోపలివాడు కాడు. కోట నీడన బతకజూసే కొత్తకాలపు మనిషి. యుద్ధం చేసే రాజు ఆస్థానకవికి వీరకావ్యం కావాలి. యుద్ధం లేని నగరు పక్కన పెరిగిన నాటకకర్తకు గిరీశం దొరికాడు. జర్మన్ నీటికోటల్లోనూ ఇటువంటి విశేషముంది. ఆ భాష మన్నించే కవయిత్రి అనెట్ ఫాన్ డ్రోస్టే-హ్యుల్స్‌హోఫ్ 1797లో పుట్టింది హ్యుల్స్‌హోఫ్ అనే నీటికోటలోనే. ఆమె కోట యజమానుల బిడ్డ. గురజాడ అటువంటివాడు కాడు. ఈ తేడా వారి రచనల్లో కనిపిస్తుంది గాని, అది వేరొక వ్యాసానికి చెందిన విషయం.

1919లో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ స్థానంలోకి వచ్చారు.

6. కోటలో తరగతి గదులు:

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం శాశ్వత పైసలాకు ముగింపు పలికింది. 1802లో సైన్యం పోయి భూమి మిగిలింది. ఇప్పుడు భూమి కూడా పోయింది. అటువంటి స్థితిలో సంస్థానాల మేడలు చాలా చోట్ల బీటలువారాయి, చేతులు మారాయి. విజయనగరంలో పి.వి.జి. రాజు వేరే దారి తీసుకున్నారు. 1958లో మాన్సాస్ ధర్మసంస్థను స్థాపించి కోటను విద్యకోసం దానికి అప్పగించారు. మోతీమహలు మహిళా కళాశాల అయింది. కొరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక పాఠశాల మొదలైంది. అతిథిగృహమైన అలకానంద ప్యాలెస్ ప్రత్యేక పోలీసు పటాలానికి కేంద్రమైంది. యుద్ధానికి కట్టిన కోటలో చదువు, విలాసానికి కట్టిన మేడల్లో సైనిక శిక్షణ సాగుతుండడం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

కోట నేటికీ నిలవడానికి ఈ అప్పగింతే ప్రధాన కారణమని చెప్పవచ్చు. వాడుకలో ఉన్న కట్టడానికి ఏటేటా సున్నం పడుతుంది, పైకప్పు బాగుపడుతుంది. వాడుకలో ఉండడం వల్ల నష్టమూ లేకపోలేదు. తరగతి గదులకోసం అడ్డుగోడలు లేస్తాయి. పాత అమరికను చదవడం కష్టమవుతుంది. అగడ్తకు మాత్రం ఏ కొత్త పనీ దొరకలేదు. మహలు కళాశాల కావచ్చు, బురుజు పండగనాటి వేదిక కావచ్చు. కందకం మరొకటి కావడం కష్టం. పట్టణం పెరిగినప్పుడు అందరికంటే ముందు నష్టపోయేదీ అదే. ప్రాకారం ఎత్తు, ద్వారాల శిల్పం గురించి రాసిన వర్ణనలు చాలా ఉన్నాయి. అగడ్త వెడల్పు, లోతు, నీటి రాక, మదుముల స్థానాలను కొలిచి పటం గీయడం మన విశ్వవిద్యాలయాల చరిత్ర, పురావస్తు, భూగోళ శాఖలు కలిసి చేయదగిన పని. పెదచెరువుతో దానికి సంబంధం ఉందో లేదో కూడా అప్పుడు తేలుతుంది.

మహిళా కళాశాలలో డిగ్రీ చదివి, ఎం.ఏ. కోసం విశాఖపట్టణం వచ్చిన ఒక విద్యార్థిని ఒకసారి తన ఊరి గురించి చెబుతూ, మూడేళ్ళూ రోజూ కోటకు వెళ్ళివచ్చేదాన్నని మామూలుగా అంది. రాజుగారి కోట సంగతా అని పక్కనున్న అమ్మాయి అడిగింది. ‘కాదు, మా కాలేజీ’ అని సమాధానమిచ్చింది.